ప్రావిన్సుకు తెలుగేది?

బెంగుళూరు నుంచి హైదరాబాదు వెళ్ళే దారిలో బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు రాగానే ఒక మాట మారిపోతుంది. అవతల కన్నడంలో ‘రాష్ట్రీయ హెద్దారి’ అనిపించుకున్న రోడ్డే ఇవతల తెలుగులో ‘జాతీయ రహదారి’ అవుతుంది. తారు అదే, నంబరు అదే (ఇప్పుడు 44, పాతవాళ్ళ లెక్కలో 7). ఆ బాగేపల్లి వైపు నుంచి వచ్చి మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి అనువాదం పేపర్లో కన్నడ వార్త ఒకటి తెలుగు చేస్తూ ‘రాష్ట్రీయ రహదారి’ అని రాసింది. నేను ఒక మార్కు కోశాను. తెలుగులో ఆ మాట చదివినవాడికి అది రాష్ట్ర ప్రభుత్వం వేసిన రోడ్డనే తోస్తుంది కాబట్టి తప్పు తప్పే. ఆ అమ్మాయి వచ్చి నిలబడి, “జాతీయ అని రాయడానికి చెయ్యి రాలేదు సార్. మా పక్క జాతి అంటే కులం గదా!” అంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. కన్నడంలో జాతి అంటే కులమే, జాతీయత అంటే కులతత్వం. తమిళంలోనూ మరాఠీలోనూ ఆ మాట అటువైపే మొగ్గింది. ఒడియాలో మాత్రం మనలాగే ‘జాతీయ’ అంటే దేశమంతటికీ చెందినది. కాబట్టి బరంపురం నుంచి వచ్చిన విద్యార్థికి ఈ చిక్కు రాదు, కోలారు విద్యార్థికి వస్తుంది. హోసూరు విద్యార్థికి ఇంకోరకంగా వస్తుంది, ఎందుకంటే తమిళంలో ఈ రెండు మాటలూ కాక ‘దేశీయ’ అన్న మూడోది ఆ పని చేస్తుంది. తెలుగు దేశానికి బయట ఉండి తెలుగు చదివేవాళ్ళ కష్టం చాలామట్టుకు ఇలాంటిదే. తెలియని మాటలు వాళ్ళను అంతగా బాధించవు, నిఘంటువు ఉంది. తెలిసిన మాటలే మోసం చేస్తాయి.

ఆ మార్కు గొడవ నుంచే ఈ వ్యాసం పుట్టింది. రాష్ట్రం అన్న మాట మన తెలుగులో ఏం పని చేస్తోందో చూద్దామని మొదలుపెడితే, అది ఇంగ్లీషువాళ్ళ ‘ప్రావిన్సు’ దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ నుంచి రోముకూ, రోము నుంచి చర్చికీ దారి తీసింది. నా అభియోగం ఒకటే. ఈ మాటను తెలుగు చేసేటప్పుడు మన పాఠ్యపుస్తకాలూ పత్రికలూ పెద్దగా ఆలోచించటం లేదు. భూగోళం పుస్తకంలో కెనడా ప్రావిన్సూ రాష్ట్రమే, చైనా ప్రావిన్సూ రాష్ట్రమే. చరిత్ర పుస్తకంలో రోమను సామ్రాజ్యానికి కూడా రాష్ట్రాలుంటాయి. పత్రికలవాళ్ళు దీనికి విరుగుడుగా అన్నిటినీ ‘ప్రావిన్స్’ అని అలాగే ఉంచేస్తారు. మొదటిది అన్నీ ఒకటే అంటుంది, రెండోది ఏదీ చెప్పదు.

ఇంతకూ ప్రావిన్సు అంటే ఏమిటి? లాటిన్ ‘ప్రోవిన్‌కియా’ మొదట నేల పేరు కాదు. రోము నగరం తన అధికారికి అప్పగించిన పని పేరు. ఫలానా శత్రువు మీద యుద్ధం ఒక అధికారికి ప్రోవిన్‌కియా, నగరంలో న్యాయం చెప్పటం మరొకరికి ప్రోవిన్‌కియా. కార్తేజితో మొదటి యుద్ధం ముగిసిన క్రీ.పూ. 241 తరువాత సిసిలీ ద్వీపం రోము చేతికి వచ్చింది. దాన్ని చూసుకోవటం ఒకరికి అప్పగించవలసిన శాశ్వతమైన పని అయింది. అలా పని పేరు క్రమంగా ఆ పని జరిగే నేలకు అంటుకుంది. దక్షిణ ఫ్రాన్సులో ఒక ప్రాంతాన్ని ఇప్పటికీ ‘ప్రొవాన్స్’ అంటారు. రోమనులు పెట్టిన పేరు అరిగి అరిగి అలా మిగిలింది. ఊరి పేరే ‘జిల్లా’ అయినట్టన్నమాట. ఆ ఫ్రాన్సులోనే 1790లో విప్లవ ప్రభుత్వం పాత ప్రావిన్సులన్నిటినీ రద్దు చేసి 83 డిపార్టుమెంట్లుగా చీల్చింది. అయినా మాట చావలేదు. పారిస్‌వాడి నోట్లో ‘ప్రొవాఁస్’ అంటే పారిస్ కానిదంతా. పల్లెటూరివాడు అన్న చిన్నచూపు కూడా అందులో కలిసే ఉంటుంది.

ఈ ‘అప్పగింత’ అన్న అర్థాన్ని విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. ప్రావిన్సుకు ఎల్లలు ముఖ్యమే గాని అంతకంటె ముఖ్యం దానికి ఎక్కడో ఒక కేంద్రం ఉండటం. కేంద్రం లేకపోతే అది ప్రావిన్సు కాదు, దేశం. అందుకే చైనాలో ప్రావిన్సు అన్న అర్థంలో వాడే ‘షెంగ్’ అనే మాట కూడా మొదట ఒక కచేరీ పేరు. మంగోలులు ఏలిన యువాన్ కాలంలో రాజధానిలోని కార్యాలయానికి శాఖలు బయట పెట్టారు. ఆ శాఖ పేరే అది ఏలిన నేలకు అంటుకుంది. రోముకూ చైనాకూ సంబంధం లేకుండానే రెండు చోట్లా భాష ఒకే దారి తొక్కిందంటే అది యాదృచ్ఛికం కాదు. ఐర్లండు దారి వేరు. అక్కడ ప్రావిన్సును ‘కూగె’ అంటారు, ఐదోవంతు అని అర్థం. ఉన్నవి నాలుగు. ఐదోది ఏమయిందో అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మాటకు లెక్కతో పని లేదని చెప్పటానికి నేను తరగతిలో వాడే ఉదాహరణల్లో ఇదొకటి.

ఇక చర్చి సంగతి. ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి, అసలు సరుకు ఇక్కడే ఉంది.

క్రీ.శ. 284 నుంచి 305 దాకా ఏలిన డయోక్లీషియన్ చక్రవర్తి పెద్ద ప్రావిన్సులను ముక్కలు చేసి సుమారు వంద చేశాడు. ఆ వందనూ మళ్ళీ పన్నెండు గుంపులుగా కట్టాడు. ఒక్కో గుంపు పేరు ‘డయోసీసు’. గ్రీకులో ఆ మాటకు ఇల్లు చక్కబెట్టుకోవటం, నిర్వహణ అని అర్థం. డయోసీసు మీద ఉన్న అధికారి ‘వికారియుస్’, అంటే పైవాడి బదులు పనిచేసేవాడు. కాబట్టి సామ్రాజ్యం లెక్కలో డయోసీసు పెద్దది, ప్రావిన్సు దాని లోపలిది. ఇప్పుడు కతోలిక చర్చి లెక్క చూడండి. డయోసీసు చిన్నది, ఒక బిషప్పు పరిధి. అలాంటివి కొన్ని కలిస్తే ప్రావిన్సు, దాని మీద మెట్రోపాలిటన్ ఆర్చిబిషప్పు. పైది కిందికి వచ్చింది, కిందిది పైకి పోయింది. వికారియుస్ మరీ కిందికి జారి, ఇంగ్లండులో ఒక ఊరి చర్చి చూసుకునే వికారు అయ్యాడు.

ఇది ఎలా జరిగింది? ప్రావిన్సు విషయంలో చర్చి కొత్తగా చేసిందేమీ లేదు. సామ్రాజ్యం గీసిన ప్రావిన్సు గీతనే తానూ వాడుకుంది. క్రీ.శ. 325లో నికేయాలో జరిగిన మహాసభ, ఒక బిషప్పును నియమించాలంటే ఆ ప్రావిన్సులోని బిషప్పులంతా కలిసి చెయ్యాలనీ, అందరూ రాలేకపోతే ముగ్గురైనా కూడాలనీ, దాన్ని మెట్రోపాలిటన్ ఖాయం చెయ్యాలనీ నియమం పెట్టింది. మెట్రోపాలిటన్ అంటే ప్రావిన్సుకు తల్లి నగరంలో ఉండే బిషప్పు. ఇక ఒక్కొక్క బిషప్పు పరిధిని మొదట్లో ‘పరోయికియా’ అనేవారు. పరాయిచోట కాపురం అని దాని అర్థం. ఈ లోకంలో తాము పరాయివాళ్ళమని నమ్మిన తొలి క్రైస్తవులు తమ సంఘానికి పెట్టుకున్న పేరు అది. తరువాత పశ్చిమాన బిషప్పు పరిధికి డయోసీసు అన్న మాట స్థిరపడింది. పరోయికియా ఇంకో మెట్టు దిగి, ఒక పూజారి చూసుకునే ‘పారిష్’ అయింది. తూర్పు చర్చిల్లో మరో విచిత్రం. గ్రీకులో ప్రావిన్సును ‘ఎపార్కియా’ అంటారు. ఆ మాటే దిగివచ్చి అక్కడ బిషప్పు పరిధికి పేరయింది. కేరళ సిరియా సంప్రదాయానికి చెందిన సిరో-మలబారు చర్చి కింద 1999లో ఏర్పడిన ఆదిలాబాదు, ఈ లెక్కలో ‘ఎపార్కీ’యే. ఆ చర్చిలో పాటలు తెలుగులో పాడే విశ్వాసికి తన పరిధి పేరు ఒకప్పటి రోమను ప్రావిన్సు పేరని తెలియవలసిన అవసరం లేదు. భాషాశాస్త్రం చదివేవాళ్ళకు ఉంది.

పరోయికియా అర్థం చెప్పిన రోజు సేలం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, “అయితే మనందరిదీ పారిష్షే సార్” అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను గాని ఆ మాట మనసులో ఉండిపోయింది.

తెలుగు కతోలికులు డయోసీసును ‘మేత్రాసనం’ అంటారు. చాలామంది దీన్ని సంస్కృతం అనుకుంటారు. ఆసనం సంస్కృతమే, మేత్ర కాదు. గ్రీకు ‘మెట్రోపాలిటన్’ సిరియాకులోకి పోయి కురచనై, అక్కడ నుంచి కేరళకు వచ్చి మలయాళంలో ‘మెత్రాన్’ అయింది. అర్థం బిషప్పు. ఆయన కూర్చునే చోటు మెత్రాసనం. దక్షిణాది చర్చిల రాకపోకల్లో అది తమిళంలోకీ తెలుగులోకీ వచ్చింది. మన పాత పుస్తకాల్లో బిషప్పును ‘మేత్రాణి’ అనటం కూడా ఇందుకే. అంటే ప్రావిన్సు పెద్ద పేరు మామూలు బిషప్పుకు దక్కి, ఆయన పరిధికి పేరయింది. డయోక్లీషియన్ దగ్గర మొదలైన తారుమారు గోదావరి ఒడ్డుకు వచ్చినా ఆగలేదు.

ఇరుగుపొరుగు భాషలు ఏం చేశాయో చూస్తే మన మాట విలువ తెలుస్తుంది. తమిళ కతోలికులు పాత ‘మేత్రిరాసనం’ వదిలేసి ‘మఱైమావట్టం’ అన్న మాట కట్టుకున్నారు. మఱై అంటే వేదం, మతం. మావట్టం అంటే జిల్లా. కన్నడిగులది ‘ధర్మప్రాంత్య’, మరాఠీవాళ్ళది ‘ధర్మప్రాంత’. ప్రాంతమంటే ఆ రెండు భాషల్లోనూ బ్రిటిషు కాలపు ప్రావిన్సే. ఒకే బిషప్పు పరిధి తమిళంలో జిల్లా, కన్నడంలో ప్రావిన్సు, తెలుగులో ఒక పీఠం. తమిళుల పద్ధతి శుభ్రంగా ఉంది, పిల్లవాడికి వెంటనే అర్థమవుతుంది. కాని నేను మేత్రాసనం పక్షమే. అర్థం కాని మాట కదా అని దాన్ని తీసేసి ‘క్రైస్తవ మండలం’ లాంటి అతుకుల మాట పెడితే, యెరూషలేము దిక్కు నుంచి మలబారు మీదుగా వచ్చిన దారి చెరిగిపోతుంది. పైగా అది జనం నోట్లో ఉన్న మాట. నోట్లో ఉన్న మాటను కమిటీ మాటతో కొట్టవద్దని గిడుగువారు చెప్పి వందేళ్ళు దాటింది.

కతోలికుల మాటల్లో నాకు మరీ ఇష్టమైనది ‘విచారణ’. పారిష్‌ను వాళ్ళు విచారణ అంటారు, దాని పూజారి విచారణ గురువు. బయటివాళ్ళకు వింతగా ఉంటుంది, పోలీసు విచారణ గుర్తుకొస్తుంది. కాని తెలుగులో విచారించటమంటే బాగోగులు కనుక్కోవటం, బాధ్యత వహించటం. గుడి వ్యవహారాలు చూసుకునేవాడిని విచారణకర్త అనటం మనకు తెలిసిందే. ఆ బాధ్యత పేరు ఆ బాధ్యత నడిచే నేలకు అంటుకుంది. ‘ఫలానా ఊరు మా విచారణలోది’ అన్నారంటే అక్కడ విచారణ అంటే భూభాగమే. రోములో ప్రోవిన్‌కియాకు జరిగింది తెలుగు పల్లెలో విచారణకు జరిగింది. లాటిన్ మాటకు మూలార్థంలో సరైన తెలుగు ఎక్కడైనా ఉందంటే ఇదిగో ఇక్కడ ఉంది. కాకపోతే సైజు చిన్నది.

చర్చి ప్రావిన్సు గీతలూ ప్రభుత్వం గీతలూ ఒకటిగా ఉండవన్నది కూడా మనవాళ్ళు గమనించాలి. హైదరాబాదు 1953లో అగ్రపీఠం అయింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన సంవత్సరం అదే, కాని హైదరాబాదు ఆ రాష్ట్రంలో లేదు. విశాఖపట్నం 2001లో అగ్రపీఠమై మరో ప్రావిన్సుకు తల అయింది. 2014లో తెలంగాణ వేరయినప్పుడు చర్చి గీత మారలేదు. కర్నూలు, కడప మేత్రాసనాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉండి కూడా హైదరాబాదు ప్రావిన్సులోనే ఉండిపోయాయి. సన్యాస సభలకు మళ్ళీ వేరే ప్రావిన్సులు, వాటి మీద ప్రొవిన్షియల్ గారు. ఆ గీతలకు బిషప్పు గీతలతో పొంతన ఉండదు. ఆంగ్లికనుల పద్ధతిలో ప్రావిన్సంటే ఒక్కోసారి ఒక దేశపు చర్చి మొత్తం. 1930లో ఇంగ్లండు చర్చి నుంచి విడివడిన ఇండియా, బర్మా, సిలోను చర్చి అంతా కలిపి ఒక ప్రావిన్సు. 1912 నుంచి అజరయ్యగారు బిషప్పుగా ఉన్న దోర్నకలు అందులో ఒక డయోసీసు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెట్రోపాలిటన్ అన్న మెట్టునే తీసేసి సినడు, దానికి మోడరేటరు అన్న ఏర్పాటు పెట్టుకున్నారు. శ్రీలంకలోని జాఫ్నా కూడా ఆ సంఘంలో ఒక డయోసీసే. దేశం గీత దాటినా సంఘం గీత దాటలేదు.

బైబిలు తెలుగు చేసినవాళ్ళకు ఈ మాట ఎక్కడ ఎదురయింది? ఎస్తేరు గ్రంథం మొదటి వాక్యంలోనే, పారసీక చక్రవర్తి ఏలిన నూట ఇరవై ఏడు ప్రావిన్సుల దగ్గర. తరతరాలుగా తెలుగు క్రైస్తవులు చదువుతున్న పాత అనువాదం అక్కడ ‘సంస్థానములు’ అన్న మాట వాడింది. మంచి ఎంపిక అనే నా అభిప్రాయం. రాజాధిరాజు ఒకడు, అతని కింద రకరకాల లిపులూ భాషలూ ఉన్న నేలలు. బొబ్బిలి, విజయనగరం, గద్వాల పేర్లు విన్న తెలుగువాడికి ఆ బొమ్మ వెంటనే కడుతుంది. రాష్ట్రములు అని ఉంటే కట్టదు. ఇందులో ఒక మెలిక మాత్రం ఉంది. 1947 నాటి మన రాజకీయంలో ప్రావిన్సులు వేరు, సంస్థానాలు వేరు. బ్రిటిషువాడు నేరుగా ఏలినవి మొదటివి, రాజులకు వదిలినవి రెండోవి. ఎస్తేరులోని నేలలు మొదటి రకానికే దగ్గర. అయినా అనువాదకులను తప్పుపట్టలేం. హీబ్రూలోని ‘మెదీనా’ తనంత తానే నిలకడ లేని మాట. పాత హీబ్రూలో ప్రావిన్సు, నేటి హీబ్రూలో స్వతంత్ర రాజ్యం, దాని చుట్టం అరబ్బీలో నగరం. అదే అనువాదం కొత్త నిబంధనలోకి వచ్చి రోమను ప్రావిన్సుల దగ్గర ‘దేశము’, ‘ప్రదేశము’ అని సరిపుచ్చుకుంది. అక్కడ నాకు తృప్తి లేదు. పౌలును ఏ ప్రావిన్సువాడివని అడగటం అధికారికి పరిధి లెక్క, ఎవరి అప్పగింత కిందికి వస్తాడన్న ప్రశ్న. ప్రదేశం అనేసరికి అది ఊరు అడిగినట్టయిపోయింది.

ఇక మన రాష్ట్రం దగ్గరికి వద్దాం. హిందీలో రాష్ట్ర అంటే దేశ ప్రజ మొత్తం. కన్నడం, మరాఠీ, ఒడియా కూడా ఆ దారినే పోయాయి, వాళ్ళకు స్టేటు అంటే ‘రాజ్య’. ఒక్క తెలుగులోనే స్టేటు రాష్ట్రం అయింది. ఫలితంగా ‘రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన’ అని శీర్షిక పెడితే, ఒకే మాట రెండు అంగల దూరంలో రెండు అర్థాలతో కూర్చుంటుంది. మొదటిది తెలుగు, రెండోది హిందీ. మనం కళ్ళార్పకుండా చదివేస్తాం. హిందీ ప్రచార సభ పరీక్షల్లో ‘రాష్ట్రభాష’ ప్యాసయిన మా తరం వాళ్ళలో, రాష్ట్రభాష అంటే తెలుగు కదా అని అడిగిన పిల్లవాడు తరగతికి ఒకడైనా ఉండేవాడు.

తెలుగు దారి తప్పిందా? శాసనాలు చూస్తే అలా అనలేం. జగ్గయ్యపేట దగ్గర దొరికిన ఇక్ష్వాకుల నాటి ప్రాకృత శాసనంలో ‘కమ్మకరఠ’ కనిపిస్తుంది. అదే తరువాతి కర్మరాష్ట్రం, కమ్మనాడు, గుంటూరు పరిసరాల నేల. పల్లవుల దానాల్లో నెల్లూరు వైపు ముండరాష్ట్రం ఉంది. తూర్పు చాళుక్యుల తామ్రపత్రాలు రాష్ట్రకూటులు మొదలైన కాపు కుటుంబాలవారికి ఆజ్ఞ వినిపిస్తాయి. ఆ రాష్ట్రకూటులు మాన్యఖేటంలో ఏలిన రాజులు కారు, ఊళ్ళ గుంపులకు పెద్దలు. కాబట్టి తెలుగు నేల మీద రాష్ట్రం ఎప్పుడూ పెద్దదానిలో ఒక భాగమే. దాన్ని దేశమంత పెంచింది ఇతరులు, మనం ఉన్నచోట ఉంచాం.

కాని పరిశీలించవలసింది మరొకటి ఉంది. బ్రిటిషు కాలంలో ప్రెసిడెన్సీని మనవాళ్ళు ‘రాజధాని’ అన్నారు. ‘చెన్నరాజధానిలోని జిల్లాలు’ అని చదివి నేటి విద్యార్థి తికమకపడతాడు, రాజధాని అంటే ఊరు కదా అని. ప్రావిన్సు మాత్రం రాష్ట్రం అయింది. 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ కూడినప్పటి నుంచి మనం అడిగింది ఆంధ్ర రాష్ట్రమే, ఇంగ్లీషులో అది ఆంధ్ర ప్రావిన్సు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి రాగానే ఇంగ్లీషులో ప్రావిన్సులన్నీ స్టేట్లయ్యాయి. తమిళంలో పాత ‘మాకాణం’ పోయి ఇవాళ ‘మానిలం’ నడుస్తోంది. హిందీలో ప్రాంతం పోయి రాజ్యం వచ్చింది. తెలుగులో ఏమీ మారలేదు, అదే రాష్ట్రం. పరాయి ప్రభువు సౌకర్యం కోసం గీసుకున్న ముక్కకూ, రాజ్యాంగం హక్కులిచ్చి నిలబెట్టిన ఘటకానికీ మనకు ఒకటే పేరు. ఇది లాభమా నష్టమా అంటే, చరిత్ర రాసేవాడికి నష్టమే. ‘1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది’, ‘1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది’ అన్న రెండు వాక్యాలూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఆ రెంటి మధ్య జరిగినదంతా వాక్యంలోంచి జారిపోయింది.

ఆ 1936 గురించి ఒక మాట. ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు ప్రావిన్సు అయినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు పోయింది. గిడుగు రామమూర్తిగారు అప్పటికి యాభై ఏళ్ళకు పైగా అక్కడే బతికారు. సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణం రాసింది అక్కడే. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరిని ఒరిస్సాలో కలపటం అన్యాయమని పోరాడి, మాట చెల్లకపోయేసరికి ఊరు వదిలి రాజమండ్రి చేరారు. మన చరిత్రల్లో ఇది త్యాగంగా చెబుతారు, నిజమే. కాని ఊరు వదలలేని తెలుగువాళ్ళు వదలలేదు. ఈ పత్రిక చదివేవారిలో వాళ్ళ మనవలూ మునిమనవలూ ఉన్నారు. వాళ్ళు ఒక్క రోజులో ప్రావిన్సు మారినవాళ్ళు, ఇల్లు మారనివాళ్ళు. గిడుగువారి గురించి రాసే ప్రతి వ్యాసమూ ఆయన బండి ఎక్కటంతో ఆగిపోతుంది. ప్లాట్‌ఫారం మీద మిగిలినవాళ్ళ భాష ఏమయిందో చూసే వ్యాసాలు తక్కువ, ఇది మన విమర్శలో లోటే.

పోయిన ప్రావిన్సులు ఎక్కడికి పోతాయి? కొన్ని మాటల్లో దాక్కుంటాయి. విషయం ఒకప్పుడు జిల్లా పేరు, ఇప్పుడు ‘విషయమేమిటి’ అని అడిగే మాట. మండలం చోళుల కాలంలో పెద్ద ప్రావిన్సు, 1800లో నిజాం కంపెనీకి ఇచ్చిన దత్తమండలాల నాటికి జిల్లా, 1985 తరువాత తాలూకాకన్నా చిన్నది. తాలూకా పోయింది గాని ‘పెళ్ళికూతురు తాలూకువాళ్ళు’ పోలేదు. ఆ అరబ్బీ మాటకు మొదటి అర్థమే సంబంధం. సీమ సంగతి ఇంకా బాగుంటుంది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించగా దత్తమండలాలు రాయలసీమ అయ్యాయి. అక్కడ సీమ అంటే మన నేల. సీమచింతకాయలో సీమ అంటే సముద్రం అవతల. అరబ్బీ, పారసీల్లో ప్రావిన్సు అన్న అర్థం గల ‘విలాయత్’ కూడా మన దగ్గరకు వచ్చేసరికి విలాయతి అయి ఇంగ్లండు సరుకుకు పేరయింది. ఏలేవాడు తన నేలను ప్రావిన్సు అంటే, ఏలబడేవాడు వాడి నేలను ప్రావిన్సు అన్నాడు. ఇందులో కొంత కసి కూడా ఉందేమో.

మరికొన్ని ఇంటిపేర్లలో, శాఖల పేర్లలో దాక్కుంటాయి. తంజావూరులోనో మైసూరులోనో పుట్టి పెరిగి, తెలుగు చదవటం రాని పెద్దమనిషిని మీరెవరండీ అంటే ‘ములకనాడు’ అంటాడు, ‘వెలనాడు’ అంటాడు. పాకనాటి రెడ్లు అంటే పాకనాడు ఎక్కడుందని అడగండి, చెప్పలేరు. ఏ కలెక్టరూ ఏలని ఆ నాడులు పెళ్ళి సంబంధాల దగ్గర ఇంకా అమలులోనే ఉన్నాయి. తెలుగు దేశంలో ఉన్నవాళ్ళకు జిల్లాలు మారుతూ వచ్చాయి గనక పాత నాడులు మసకబారాయి. బయటికి వచ్చినవాళ్ళు వచ్చిన రోజు గీతనే మోసుకు తిరిగారు. ఈ పేర్లను మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళనడిగి రాసుకోండి. కులం పేరని సిగ్గుపడి వదిలెయ్యకండి, అందులో సగం భూగోళం.

ఇంతకూ అనువాదం పేపర్లో ఏం రాయాలి? నా సలహా ఇది. కెనడా, పాకిస్తాను లాంటి సమాఖ్యల ప్రావిన్సులను రాష్ట్రం అనవచ్చు, అధికారాల పంపకం దాదాపు అలాంటిదే. చైనా, ఆఫ్ఘనిస్తాన్, నెదర్లాండ్స్ లాంటి చోట్ల అనకూడదు. అక్కడ ప్రావిన్సు అనే ఉంచండి, లేదా ప్రాంతం అనండి. రోమునూ ప్రావిన్సు అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో అప్పగింత సంగతి చెప్పండి. చర్చి మాటలను ఆ చర్చివాళ్ళ నోటి నుంచే తీసుకోండి. కన్నడ, మరాఠీ, ఒడియాల నుంచి చేసేటప్పుడు ‘రాష్ట్ర’ కనబడితే ఆగండి. బాగేపల్లి అమ్మాయికి కోసిన మార్కు నేను తిరిగి ఇవ్వలేదు. కాని ఆ ప్రశ్నను మరుసటి ఏడు పేపర్లోంచి తీసేశాను.

యానాం నుంచి వచ్చినవాళ్ళ బాధ మాత్రం ఈ సలహాతో తీరదు. 1954లో ఫ్రెంచివారి చేతిలోంచి వచ్చి, 1962లో చట్టప్రకారం మన దేశంలో కలిసిన ఆ కొద్దిపాటి నేల గోదావరి జిల్లాల నడుమ ఉంది, దాని ప్రభుత్వం పుదుచ్చేరిలో ఉంది. మా శాఖలో చేరేటప్పుడు నింపే తెలుగు దరఖాస్తులో ‘రాష్ట్రం’ అని ఒక గడి ఉండేది. యానాం విద్యార్థి ఒకడు దానికి ఎదురుగా ‘లేదు’ అని రాశాడు. గుమాస్తా దాన్ని కొట్టేసి ఆంధ్రప్రదేశ్ అని దిద్దాడు. విద్యార్థి దాన్నీ కొట్టేసి మళ్ళీ లేదు అని రాశాడు. ఆ కాగితం నా దగ్గరికి వచ్చింది. గడి పేరును ‘రాష్ట్రం లేక కేంద్రపాలిత ప్రాంతం’ అని మార్చి అచ్చు వేయించాం, పేరు బారెడై గడి సరిపోలేదని గుమాస్తా ఇప్పటికీ సణుగుతుంటాడు.